జెనోవా సందుల్లో కెమెరాతో ఒక రోజు

మిలాన్‌లో చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు మొదటి సెలవు దొరకగానే వెనిస్ రైలెక్కుతారు. కెమెరా మీద మక్కువ ఉన్నవాళ్లు ఎవరు అడిగినా నేను జెనోవా వెళ్లమంటాను. స్విట్జర్లాండ్‌లోని జెనీవా వేరు, ఇటలీ వాయవ్య తీరాన ఉన్న ఈ జెనోవా వేరు. మిలాన్ నుంచి రైల్లో గంటన్నర, రెండు గంటల దారి. దిగాల్సిన స్టేషన్ పియాత్సా ప్రిన్చిపె. పొద్దున్న ఎనిమిదికల్లా అక్కడ ఉండేలా బయల్దేరండి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను బాగా వెడల్పుగా చూపించే లెన్స్ తీసుకెళ్లాను. ఇరుకు సందులు కదా, అన్నీ పట్టాలంటే అదే కావాలనుకున్నాను. సాయంత్రం చూసుకుంటే నాలుగు వందల ఫొటోల్లోనూ ఒకటే దృశ్యం: పైన సున్నం పూసినట్టు తెల్లటి ఆకాశపు చీలిక, కింద మసి. పాత ఊరి సందులను అక్కడివాళ్లు కరుజ్జి అంటారు. కొన్నింటిలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. అటూ ఇటూ ఆరేడు అంతస్తుల ఇళ్లు. ఆ ఎండనూ ఆ నీడనూ మన కన్ను ఏకకాలంలో చూడగలదు, కెమెరా చూడలేదు.

అందుకని మొదటి నియమం, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటి చాలు. ఫోనుతో తీసేవాళ్లు మామూలు లెన్స్‌తోనే తీయండి, వెడల్పు లెన్స్ జోలికి పోవద్దు. వెలుగు పడిన చోట తెర మీద వేలు పెట్టి, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి చేరే వెలుతురు, కాస్త కిందికి లాగండి. కెమెరా అయితే ఒక మెట్టు తగ్గించండి. నీడలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 1600, షట్టర్ వేగం సెకనులో 125వ వంతు దగ్గర మొదలుపెడితే నడిచే మనుషులు చెదరకుండా వస్తారు. ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచండి. ఆ దారుల్లో అది పదిమందికి అడ్డం.

రెండో సంగతి సూర్యుడు. జూన్‌లో అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 69 డిగ్రీల ఎత్తుకు వస్తాడు, డిసెంబరు చివర్లో దాదాపు 22 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అంటే వేసవిలో సందు నేల దాకా దిగే ఎండ, చలికాలంలో పై అంతస్తుల కిటికీల దగ్గరే ఆగిపోతుంది. పైగా వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు కాబట్టి సూర్యుడు నడిమింటికి చేరేసరికి ఒంటిగంట ఇరవై దాటుతుంది. ఫోనులో దిక్సూచి తెరిచి ఉత్తర దక్షిణాలుగా సాగే సందు ఒకటి ముందే చూసి పెట్టుకోండి. ఆ వేళకు అక్కడ నిలబడండి. ఎండ వచ్చి పోయేది కొద్ది నిమిషాలే.

కిందటి జూన్‌లో అలాగే ఒక గుమ్మం ఎదురుగా నిలుచున్నాను. మన గుడుల్లో ద్వారబంధం మీద గజలక్ష్మిని చెక్కే చోట, ఈ ఊరి పాత ఇళ్లకు గుర్రం మీది సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను పొడుస్తున్న శిల్పం ఉంటుంది. కొన్ని పాలరాతివి, కొన్ని ఆ ప్రాంతపు కొండల్లో దొరికే పలకరాతివి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఆ నల్లని నునుపు వెంటనే గుర్తుకొస్తుంది. ఎండ ఎదుటి గోడ మీదే ఉండిపోయింది, శిల్పం దాకా రాలేదు. వెనుదిరగబోతుంటే నాలుగో అంతస్తులో ఒకావిడ కప్పీ తాడు లాగి తడి దుప్పటి ఒకటి సందుకు అడ్డంగా జరిపింది. తెల్లటి ఆ గుడ్డకు తగిలిన ఎండ తిరిగి ఇటు గోడ మీదికి పడింది. డ్రాగన్ ఒంటి మీది పొలుసులు ఒక్కొక్కటిగా తేలాయి. తోక కొస విరిగి ఉందని అప్పుడే చూశాను. ఆ సందుల్లో నేరుగా పడే ఎండ కంటే గోడ నుంచి గోడకు, గుడ్డ నుంచి రాతికి కొట్టుకొచ్చే వెలుతురే గొప్పదని నాకు ఆ దుప్పటి వల్ల తెలిసింది. అప్పటి నుంచి నేను ఎండ కోసం కాదు, ఎండకు ఎదురుగా ఉన్నదాని కోసం వెతుకుతున్నాను.

చిరునామా పట్టుకుని తిరిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. జెనోవాలో ఒకే వీధికి రెండు వరసల నెంబర్లుంటాయి, ఇళ్లకు నల్లవి, దుకాణాలకు ఎర్రవి. ఎర్ర 20, నల్ల 20 పక్కపక్కన ఉండనక్కర్లేదు. దారి తప్పితే కంగారు వద్దు, వాలు ఎటుంటే అటు దిగండి, రేవు దగ్గర తేలతారు.

మనుషులను అడక్కుండా తీయకండి. కొన్ని సందుల్లో ఆడవాళ్లు బతుకుతెరువు కోసం గుమ్మాల్లో నిలబడి ఉంటారు. అక్కడ కెమెరా సంచిలో పెట్టేయాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ వాదించను.

సాన్ లొరెన్సో కథెడ్రల్ నలుపు తెలుపు రాతి చారల గోడ పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం దాటాక వెళ్లండి. ముఖద్వారాల దగ్గర చెక్కడాల్లో నిద్రపోతున్న చిన్న కుక్క ఒకటి ఉంది, పిల్లలుంటే వాళ్లతో వెతికించండి. లోపల 381 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు ఒకటి నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు ఊరి మీద కాల్పులు జరిపినప్పుడు గోడ చీల్చుకుని పడి, పేలకుండా ఉండిపోయిన గుండు అది. ఫ్లాష్ వేయకుండా, దాని పక్కన ప్రార్థన చేసుకునేవాళ్లకు దూరంగా నిలబడి తీయండి.

అక్కడి నుంచి రేవు వైపు దిగితే పలాత్సో సాన్ జోర్జో. 1260లో కట్టిన భవనం. సముద్రం వైపు గోడంతా చిత్రాలే. స్తంభాలు, విగ్రహాలు అనుకున్నవి చాలావరకు రంగులే. దగ్గరికి లాగి అసలు కిటికీ, గీసిన స్తంభం పక్కపక్కన వచ్చేలా ఒక ఫ్రేము తీయండి. ఎదురుగా వెళ్లే పైవంతెన రోడ్డు అడ్డొస్తుంది, దాని నీడను ఫొటోకు పైఅంచుగా వాడుకోవడమే మార్గం. మార్కో పోలోను ఈ భవనంలోనే బంధించారని ఊరివాళ్లు చెబుతారు. ఆయన 1298లో జెనోవా చెరలో ఉండి తన ప్రయాణాలు తోటి ఖైదీకి చెప్పి రాయించాడు. ఆ పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది, న్యాయంగా పాలించే రాణి ఉంది, సాలెగూడు లాంటి సన్నని బట్టలున్నాయి. ఆ పేరు మన బాపట్ల తీరంలోని మోటుపల్లి రేవుది. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు భావిస్తారు. ఆ గోడ ముందు నిలబడినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. తెలుగువాళ్లు ఎవరు వెళ్లినా అక్కడ ఒక్క నిమిషం ఆగాలని కోరుకుంటాను.

ఆకలేస్తే ఎదుటి సొత్తొరీపా వసారాల్లో ఫరినాతా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో కాలుస్తారు. శాకాహారులకు నిశ్చింత. గరిబాల్డి వీధిలోని రాజభవనాలు 2006 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. వీధి సన్నం కనుక భవనం మొత్తం పట్టదు, తెరిచి ఉన్న లోపలి మండువాల్లోకి వెళ్లి మెట్లను తీయండి.

సూర్యాస్తమయానికి గంట ముందు పియాత్సా పొర్తెల్లో సొరంగంలోంచి కాస్తెల్లెత్తో గుట్ట మీదికి వెళ్లే లిఫ్టు ఎక్కండి. 1909 నాటిది. పైన చదును మీద నిలబడితే పలకరాతి కప్పులన్నీ కాళ్ల కింద ఉంటాయి. వాన వెలిసిన సాయంత్రమైతే ఆ కప్పులు చేప వీపులా మెరుస్తాయి. దూరాన కుడిచేతి వైపు లాంటెర్నా, 1543లో కట్టిన 77 మీటర్ల దీపస్తంభం. సూర్యుడు దిగగానే చాలామంది వెళ్లిపోతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఉండండి. ఆకాశం నీలంగా మారి ఇళ్లలో దీపాలు వెలిగే వేళ, కెమెరాను పిట్టగోడ మీద ఆనించి లాంటెర్నా దీపం ఇటు తిరిగిన క్షణాన నొక్కండి. ఒకటి రెండుసార్లు తప్పుతుంది. దీపం మళ్లీ తిరిగి వస్తుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు నడక ఇరవై నిమిషాలు.