రేడియేషన్ తర్వాత ముద్ద దిగకపోతే ఎక్కడ వెతకాలి

నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ చికిత్స పూర్తయి, స్కాన్‌లో ఏమీ లేదన్నాక కూడా తిండి దగ్గర ఇబ్బంది ఏళ్ల తరబడి ఉండొచ్చు. హైదరాబాద్‌లో మింగడం మళ్లీ నేర్పే పని నాది. వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ప్రోటీన్ పౌడర్ డబ్బా ఉంటుంది. నోట్లోకి టార్చి వేసి చూశారా అంటే మాత్రం చూసి ఉండరు. ముందు ఆ పని చేయండి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర ఉండి, గీకితే కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్ అయ్యుండొచ్చు. డాక్టర్ ఇచ్చే మందుతో సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. దీన్ని చూడకుండా "కారం పడట్లేదు" అంటూ నెలల తరబడి చప్పిడి తినేవాళ్లు ఎందరో.

ముద్ద నోట్లోనే తిరుగుతోంది

లాలాజలం లేదు. రేడియేషన్ ఆ గ్రంథుల మీద పడింది, కొందరిలో అవి పూర్తిగా కోలుకోవు. పప్పులో, కూరలో నెయ్యి, గ్రేవీ పెంచండి. పొడి చపాతీ, వేపుళ్లు మానేయండి. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించండి. ఘాటుగా మండే మౌత్‌వాష్‌లో సాధారణంగా ఆల్కహాల్ ఉంటుంది, అది నోటిని ఇంకా ఎండగొడుతుంది. నోరు ఎండితే పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. పన్ను పీకించాల్సి వస్తే ముందు రేడియేషన్ డాక్టర్‌ని అడగండి, ఎందుకంటే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

రుచి పోవడం మామూలే. చాలామందికి నెలల్లో కొంత తిరిగొస్తుంది.

నోరు తెరుచుకోవట్లేదు

మీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే దవడ బిగుసుకుంటోందని అర్థం. గుట్కా అలవాటున్నవాళ్లలో కొందరికి చికిత్సకు ముందే దవడ కొంత బిగిసి ఉంటుంది. థెరపిస్ట్ చూపించినట్టు ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టి, రోజుకు కొన్నిసార్లు సాగదీయాలి. మానేస్తే మళ్లీ బిగుస్తుంది. అద్దం ముందు ఒకసారి చేసి వదిలేస్తే లాభం లేదు.

దగ్గు లేదు, కానీ జ్వరం వస్తోంది, బరువు తగ్గుతోంది

ఇదే అసలు దొంగ. ఇంట్లోవాళ్లు ధైర్యంగా చెబుతారు: "బాగానే తాగుతున్నారండీ, పొలమారడం కూడా లేదు." నన్ను భయపెట్టేది ఆ మాటే. మనకి పొలమారితే దగ్గొస్తుంది, ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు, అంతటితో అయిపోతుంది. ఆ దగ్గు రావాలంటే గొంతుకి స్పర్శ ఉండాలి. రేడియేషన్ ఆ స్పర్శని మొద్దుబారుస్తుంది, కండరాలను గట్టిపరుస్తుంది. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేచి ఊపిరి దారి మూసుకోవాలి, అది సగమే లేస్తుంది. నీళ్లు కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంటాయి, మనిషికి తెలియను కూడా తెలియదు. చికిత్స అయ్యాక ఏళ్లపాటు బాగున్నవాళ్లకి కూడా ఇది మొదలవ్వచ్చు కాబట్టి రేడియేషన్‌తో ఎవరూ ముడిపెట్టరు.

తర్వాత ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. జ్వరానికి యాంటీబయాటిక్ వాడతారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. టీబీ పరీక్షలు అవుతాయి. ఎండోస్కోపీ నార్మల్ వస్తుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఎండోస్కోపీ చూసేది అన్నవాహికని, పొట్టని. మింగే క్షణంలో గొంతులో ఏమవుతుందో అది చూపించదు.

ఇంకో తిరకాసు వంటింట్లో ఉంది. మింగలేకపోతున్నారని అన్నీ పలచన చేస్తారు: చారన్నం, మజ్జిగన్నం, నీళ్ల జావ, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్. పలచనిది వేగంగా జారుతుంది, గొంతు మూసుకునేలోపే దిగిపోతుంది. నీళ్లూ మెతుకులూ కలిసినవి మరీ ప్రమాదం. మెతుకు ఇంకా నోట్లో ఉండగానే నీళ్లు గొంతులో ఉంటాయి.

తిన్నాక "ఆ" అనమనండి. గొంతులో నీళ్లు నిలిచినట్టు గరగరమంటోందా? భోజనం అరగంట దాటుతోందా? వారానికోసారి రాసిపెడితే బరువు తగ్గుతూ కనిపిస్తోందా? వీటిలో ఏ తేడా ఉన్నా మింగే పరీక్ష అడగండి. గరగర లేకపోయినా ఛాతీ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే అడగాల్సిందే. పరీక్షలు రెండు రకాలు. బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసేది ఒకటి, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసేది ఇంకొకటి. వీటిని చూసి వ్యాయామాలు చెప్పేది స్పీచ్ థెరపిస్ట్. "మాట బాగానే వస్తోంది, ఆయన దగ్గరికెందుకు?" అని ఆగిపోకండి.

పరీక్ష అయ్యేదాకా నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుక్కలు ఇవ్వండి. ఒక్కో గుక్కకి రెండుసార్లు మింగించి, కావాలని ఒకసారి దగ్గించి, మళ్లీ మింగించండి. తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వొద్దు. గడ్డం కిందికి వంచి మింగే చిట్కా వీడియోలు చూసి చేయకండి, కొందరికి అది ఎదురు తిరుగుతుంది. చిక్కదనం కూడా మనిషిని బట్టే ఉంటుంది. రంజాన్‌లో అందరూ అడిగే హలీం మెత్తగానే ఉంటుంది కదా అనిపిస్తుంది, కానీ జిగురు ఎక్కువ. బలం లేని గొంతులో అతుక్కుని మిగిలిపోతుంది, పైన వేయించిన ఉల్లిపాయలు మరీ ఇబ్బంది. చిలికిన పెరుగు, మెత్తగా మెదిపిన కిచిడీ లాంటివి చాలామందికి నయం. తిన్న ప్రతిసారీ నోరు కడిగించండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ చేసేది ఎక్కువగా నోట్లోని క్రిములే. పొట్టకి పైపు పెట్టినా, థెరపిస్ట్ సరే అన్నంత మేరకు మింగడం మానొద్దు. వాడని కండరం ఇంకా బలహీనపడుతుంది.

మిగతావి

నీళ్లు దిగుతూ ముద్ద మాత్రమే అడ్డుపడితే గొంతు సన్నబడి ఉండొచ్చు, ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు. నీరసం, వాపు ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి, మెడకి రేడియేషన్ ఇస్తే థైరాయిడ్ పనితీరు తగ్గడం మామూలే. కొత్తగా నొప్పి, రక్తం, మెడలో గడ్డ, ఒక్కసారిగా ఏమీ దిగకపోవడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రోజు క్యాన్సర్ డాక్టర్‌కి చూపించండి.