సిగ్నల్ దగ్గర కారు ఏసీ వేడిగాలి కొడుతుంటే

కారు పరుగులో ఉన్నంతసేపూ ఏసీ చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే ఉక్కపోస్తోందా? గ్యాస్ నింపించే ముందు ఇది చూడండి. నీడలో ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఏసీ ఫుల్లుగా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో రేడియేటర్ దగ్గరి ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే ముందు దాని ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) మెకానిక్‌కి చూపించండి.

తిరుగుతుంటే, ముందు గ్రిల్‌లోంచి కండెన్సర్ (రేడియేటర్ ముందుండే, ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ లాంటి భాగం) మీద మగ్గుతో రెండు లీటర్ల నీళ్లు మెల్లగా పోయండి. గాలి చల్లబడిందంటే చాలావరకు తప్పు గ్యాస్‌ది కాదు, దుమ్ముది. ఇంజిన్ ఆపి, చల్లారాక కండెన్సర్‌ను మామూలు పైపు నీళ్లతో కడగండి. నాకైతే అంతటితో సరిపోయింది, గ్యాస్ డబ్బులు మిగిలాయి. ప్రెషర్ వాషర్ వద్దు, సన్నటి రేకులు వంగిపోతాయి.

పరుగులో కూడా చల్లదనం రాకపోతే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు లీకు టెస్టే.