ఐచ్ఛిక లైబ్రరీలు లేకుండా టెస్టులు నడిపే ముందు జాగ్రత్తలు

పైథాన్ ప్రాజెక్టులో పైటెస్ట్ (టెస్టులు నడిపే సాధనం) నడిపాక చివరి వరుస పచ్చగా కనిపించగానే సంబరపడకండి. 212 పాసై 38 స్కిప్ అయ్యాయంటే (అంటే నడపకుండానే వదిలేస్తే), ముందు చూడవలసింది ఆ 38నే.

• కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే చోటు) నడపండి. పాతదానిలో ఎప్పుడో వేసిన పాండాస్ లాంటి ఐచ్ఛిక లైబ్రరీ (లేకపోయినా ప్రాజెక్టు నడిచేది) మిగిలి ఉంటే, అది లేని పరిస్థితిని మీరు పరీక్షించనట్టే.

• పైటెస్ట్ ఆదేశానికి "మైనస్ ఆర్ ఎస్" (-rs) చేర్చండి. ఏది ఎందుకు స్కిప్ అయిందో తెలుస్తుంది.

• ఫైలు మొదట్లోనే నేరుగా ఇంపోర్ట్ చేస్తే, లైబ్రరీ లేనిచోట టెస్టుల సేకరణ దశలోనే ఎర్రర్ వస్తుంది; ఆ ఫైల్లో ఒక్క టెస్టూ నడవదు. బదులుగా, లైబ్రరీ లేకపోతే ఆ టెస్టులను స్కిప్ చేసే పైటెస్ట్ ఫంక్షన్ ఇంపోర్ట్‌ఆర్‌స్కిప్ (importorskip) వాడండి. దానితోనూ ఒక చిక్కుంది. లైబ్రరీ ఉండి కూడా లోపల ఏదో పాడైతే వచ్చేది ఇంపోర్ట్ ఎర్రరే, అదీ స్కిప్ ఖాతాలోకే పోవచ్చు. 8.2 వెర్షన్ నుంచి పైటెస్ట్ దీనిపై హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను నొక్కిపెట్టకండి.

• సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) రెండు జాబులు ఉంచండి: ఒకటి ఐచ్ఛిక లైబ్రరీలేవీ లేకుండా, మరొకటి అన్నిటితో. రెండో దానిలో "లైబ్రరీ లేదు" అన్న స్కిప్ ఒక్కటి కనిపించినా ఫెయిల్ చేయించండి. నేను ఈ నియమం పెట్టుకోకముందు, లైబ్రరీ పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినందుకు ఎక్సెల్ టెస్టులు నెలల తరబడి నడవనే లేదు. రోజూ పచ్చ టిక్కు మాత్రం పడుతూనే ఉంది.