ఇంద్రజాల్ కామిక్స్ ఆన్‌లైన్ వేలం: సమస్యలు, కారణాలు, నేను పాటించే పద్ధతులు

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్ కొనాలంటే చేతిలోకి తీసుకుంటాం, పేజీలు తిప్పుతాం, వాసన కూడా చూస్తాం, నచ్చకపోతే కుప్పలో పడేసి టీ తాగడానికి పోతాం. ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్‌లోనో జరిగే వేలంలో ఆ సౌకర్యం లేదు. రెండు ఫొటోలు, ఒక బేస్ ప్రైస్, రాత్రి పదింటికి క్లోజ్ అనే మాట, అంతే. నేను ఇలా కొన్నేళ్లుగా ఇంద్రజాల్ కామిక్స్ (టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు వేసిన పాత బొమ్మల కథల పుస్తకాలు) కొంటున్నాను, హీరోల లెక్కన చూస్తే ఎక్కువగా ఫాంటమ్, కొన్ని మాండ్రేక్, కొన్ని బహదూర్. కింద రాసినవన్నీ డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవే.

సమస్య: పుస్తకం మిగతావాటి కన్నా చిన్నగా ఉంది

డెబ్బైల నాటి ఫాంటమ్ ఒకటి వచ్చింది. ఫొటోలో అట్ట మెరిసిపోతోంది, మడత లేదు, చిరుగు లేదు. ఇంటికొచ్చాక నా దగ్గరున్న అదే కాలం పుస్తకం మీద పెట్టి చూస్తే పైనా కిందా చెరో పావు అంగుళం తక్కువ. పైన టైటిల్ అక్షరాల నెత్తి కోసుకుపోయింది. పిన్నులుండే వెన్ను మడత పక్కన వరసగా సూది బెజ్జాలు.

కారణం బైండింగ్. అప్పట్లో ఏడాది పాటు వచ్చిన కామిక్సు పోగేసి, ప్రెస్ దగ్గర ఇచ్చి, కాలికో గుడ్డ అంటించిన అట్ట వేయించి బైండు చేయించేవాళ్లు. బైండరు మూడు వైపులా మెషీన్ మీద కోసి సమం చేస్తాడు. పాపం వాళ్లు పుస్తకాన్ని ప్రేమగా దాచుకోవాలనే చేశారు, అందుకే లోపలి పేజీలు అంత శుభ్రంగా ఉంటాయి కూడా. కానీ యాభై ఏళ్ల తర్వాత ఎవరో ఆ బైండు విప్పి విడివిడిగా అమ్ముతుంటే, కొనేవాడికి దక్కేది అంచులు పోయిన పుస్తకం.

పరిష్కారం: పక్కన స్కేలు పెట్టి ఒక ఫొటో అడగండి. మడత దగ్గర క్లోజప్ ఇంకొకటి. బెజ్జాలు కనిపిస్తే అది బైండు విప్పిందే. నేను అలాంటివి అసలు కొననని కాదు, చదువుకోవడానికి కొంటాను, మంచి కాపీ ధరలో సగం దాటి మాత్రం పాట పాడను.

సమస్య: కథ మధ్యలో ఎగిరిపోయింది

ఫాంటమ్ గుహలోకి వెళ్తాడు, పేజీ తిప్పగానే ఓడ మీద ఉంటాడు. నాలుగు పేజీలు లేవు.

ఇక్కడ తప్పు పిన్నులది. తుప్పు పట్టిన పిన్ను చుట్టూ కాగితం తినేస్తుంది, అందరికన్నా ముందు ఊడేది నట్టనడుమ షీటు. ఒక షీటు పోతే నాలుగు పేజీలు పోయినట్టే. అమ్మేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, వాళ్లు అట్టలు చూసి ఫొటో తీసి పెట్టేస్తారు, తిప్పి చదవరు.

దీనికి నేను ఫోన్‌లో ఒక మెసేజ్ సేవ్ చేసి పెట్టుకున్నాను, ప్రతి పుస్తకానికీ అదే అతికిస్తాను: "అన్నా, నట్టనడుమ పేజీ తెరిచి పిన్నులు కనబడేలా ఒక ఫొటో, వెనక అట్ట లోపలి వైపు ఒకటి, వీలైతే పేజీలు తిప్పుతూ చిన్న వీడియో పెడతారా?" నిజంగా అమ్ముదామనుకున్నవాళ్లు పెడతారు. "కండిషన్ సూపర్ బ్రో" అని మాత్రమే జవాబొస్తే ఆ పుస్తకం వదిలేస్తాను, అది ఎంత అరుదైనదైనా సరే.

ఆ ఫొటోలో ఇంకో సంగతి కూడా దొరుకుతుంది. కాగితం గోధుమరంగుకి తిరిగి పిన్ను మాత్రం తళతళలాడుతుంటే, ఎవరో విప్పి మళ్లీ కొట్టారన్నమాట. అట్ట ఒక కాపీది, లోపలివి ఇంకో కాపీవి అయి ఉండొచ్చు.

సమస్య: అసలు పాత పుస్తకమే కాదు

స్కాన్ తీసి కలర్ ప్రింట్ కొట్టి అమ్మేవి ఉన్నాయి. "రీప్రింట్" అని చెప్పి అమ్మితే గొడవ లేదు, చెప్పకపోతేనే మోసం. పాత కామిక్ కాగితం అంచుల నుంచి లోపలికి పసుపెక్కుతుంది, ప్రింట్‌లో రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. స్కాన్ ప్రింట్‌లో ఆ చుక్కలు అలుక్కుపోతాయి, కాగితమేమో జిరాక్స్ పేపరంత తెల్లగా ఉంటుంది. ఏదైనా ఒక బొమ్మని దగ్గరగా తీసిన ఫొటో చాలు.

సమస్య: నంబర్లు కలవడం లేదు

"1 నుంచి 200 దాకా ఫుల్ సెట్, 200 పుస్తకాలు" అని ఎవరైనా అంటే అనుమానించండి. ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలై 1990లో ఆగింది. సమ్మె వల్ల 123, 124 నంబర్లు అసలు రానేలేదు. కాబట్టి 200 దాకా ఉండాల్సినవి 198. ఆ రెండు నంబర్ల కోసం నేను కొన్ని నెలలు వెతికాను, నవ్వుకోండి. ఎనభైల్లో మామూలు నంబర్లు పోయి వాల్యూమ్, నంబర్ పద్ధతి వచ్చింది, అక్కడ ఇంకా తికమక. నా దగ్గరున్నవాటి లిస్టు ఫోన్‌లో ఎక్సెల్ షీట్‌గా పెట్టుకున్నాక ఒకే పుస్తకం రెండుసార్లు కొనడం మానేశాను.

సమస్య: అనుకున్నదానికి మూడింతలు పెట్టి పాడేశాను

చివరి అయిదు నిమిషాల్లో జరిగేది పుస్తకం కోసం కాదు, బాలాపూర్ లడ్డూ పాటలాగా పంతం. అందుకే నా చివరి ధర రాత్రి భోజనానికి ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. మా ఆవిడ చూస్తుంది కాబట్టి దాటను. (ఆవిడ దృష్టిలో ఇవన్నీ పాత పేపర్లవాడికి కిలో లెక్కన వేయాల్సినవే.)

అన్నిసార్లూ మన పంతమే కారణం కాదు. ఒకే ఐడీ, ఒకే అమ్మకందారు వేలాల్లో మాత్రమే కనిపిస్తూ, పాట పెంచి తప్పుకుంటూ ఉంటే అది వాళ్ల మనిషే కావచ్చు. ఒక్కోసారి పొరపాటున ఆ ఐడీకే పాట ఖాయమవుతుంది, మర్నాడు మనకి మెసేజ్ వస్తుంది: "ఆయన వద్దన్నాడు, మీ ధరకే ఇస్తా". మీ చివరి ధరకి ఒప్పుకోకండి. ఆ ఐడీ దూరకముందు మీరు పాడిన ధర ఎంతో అంతే చెప్పండి. నాకు రెండుసార్లు ఆ ధరకే ఇచ్చారు.

సమస్య: పార్శిల్ నలిగి, తడిసి వచ్చింది

ఉత్త కవర్లో పెట్టి పోస్ట్ చేస్తే అంతే. డబ్బు పంపకముందే చెప్పాలి: ప్లాస్టిక్ కవరు, రెండు వైపులా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టముక్కలు, టేపు పుస్తకానికి తగలకూడదు. యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రప్పించుకోవడం మన చేతిలో ఉండదు, అందుకే కొత్త అమ్మకందారు దగ్గర మొదటిసారి అయిదొందలు దాటి కొనను, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తాను.

సమస్య: వచ్చాక ముక్కిపోయిన వాసన, లేదా పురుగు

వెంటనే మిగతావాటి పక్కన పెట్టొద్దు. రెండు వారాలు వేరే డబ్బాలో ఉంచి, అడుగున పొడి రాలుతోందేమో చూడండి. ఎండలో పెడితే వాసన పోతుందని నేనూ పెట్టాను, కాగితం అప్పడంలా విరిగింది, ఇప్పుడు ఫ్యాన్ కింద నీడలోనే ఆరబెడుతున్నాను. పాత సెలోటేపు ఉంటే పీకొద్దు, దాంతోపాటు బొమ్మ కూడా లేచి వస్తుంది. నా దగ్గర ముఖం లేని మాండ్రేక్ ఒకడున్నాడు, ఆ ముఖం ఇప్పటికీ టేపుకే అంటుకుని డ్రాయర్‌లో ఉంది.