కొండదారికి గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడు
స్థానిక గైడ్ ఉంటే దారి తప్పకపోవడం ఒక్కటే లాభం కాదు. ఫోన్ మ్యాప్‌లో కాలిబాట గీత కనిపిస్తుంది గానీ, నిన్నటి వానకి అది కొట్టుకుపోయిందో లేదో కనిపించదు. మంచు కరిగి పారే వాగు పొద్దున్నే మోకాలి లోతుంటే, ఎండెక్కాక నడుం దాకా రావచ్చు. దాన్ని ఏ వేళకి, ఎక్కడ దాటాలో అక్కడివాళ్లకే బాగా తెలుసు.

మాట్లాడుకునేటప్పుడే ఇవి అడగండి: ఆ దారిన చివరిసారి ఎప్పుడు వెళ్లొచ్చారు? శిఖరం అందకపోయినా ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎటు దిగాలి, ఎన్ని గంటలు పడుతుంది? తడుముకోకుండా చెప్పే మనిషినే పెట్టుకోండి. తిండి, బస, సామాను మోత రేటులో కలిసున్నాయో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఎత్తు పడక జబ్బు చేయకుండా ఉండాలంటే, సముద్రమట్టానికి 3,000 మీటర్ల ఎత్తు దాటాక, రాత్రి పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగండి. ఎంత అనుభవమున్న గైడ్‌కైనా మీ తలనొప్పి మీరు చెబితేనే తెలుస్తుంది, దయచేసి దాచొద్దు. తలనొప్పితోపాటు నడక తూలుతుంటే మాత్రం తెల్లారేదాకా చూడకుండా వెంటనే కిందికి దిగాలి.