చేపపొడి లేకుండా చెరువు మేత: పల్లి చెక్క, సోయా చెక్క ఎంతెంత కలపాలి

మేతలో చేపపొడి తీసేసే ముందు మీ చెరువులో ఏ చేప ఉందో చూసుకోండి. రవ్వ, బొచ్చె, మృగాల లాంటి కార్పు చేపలైతే చేపపొడి అసలు లేకపోయినా పెరుగుతాయి. కొర్రమీను అయితే ఆగండి, అది వేటాడి తినే చేప, దానికి 40 శాతం పైన ప్రొటీన్ కావాలి, ఉత్త చెక్క (నూనె తీసిన గింజల పిప్పి) మేత పెడితే సరిగ్గా తినదు. దానికి చేపపొడి కొద్దికొద్దిగా తగ్గించి చూడాలే తప్ప మొత్తం తీసేయొద్దు.

లెక్క కిలోకు కిలో కాదు, ప్రొటీన్‌కు ప్రొటీన్. 60 శాతం ప్రొటీన్ ఉన్న చేపపొడి 10 కిలోలు తీసేస్తే 6 కిలోల ప్రొటీన్ పోతుంది, అది పూడాలంటే 46 శాతం ఉన్న సోయా చెక్క 13 కిలోలు వేయాలి.

మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని మనకు తవుడుకు కొదవ లేదు, వనపర్తి, గద్వాల వైపు పల్లి పంట ఉండనే ఉంది. 100 కిలోల మేతకు నూనె తీసిన తవుడు 48, పల్లి చెక్క 25, సోయా చెక్క 20, నూకల పిండి 5, డీసీపీ (భాస్వరం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) 1, మినరల్ మిక్చర్ 1. సుమారు 27 శాతం ప్రొటీన్ వస్తుంది, పెరిగే కార్పు చేపలకు అది చాలు. డీసీపీ మాత్రం దండగ అనుకొని మానేయకండి. గింజల్లో ఉండే భాస్వరం చాలావరకు చేపకు అరగని రూపంలో ఉంటుంది, చేపపొడి ఉన్నప్పుడు ఆ లోటు తెలియదు, తీసేశాక ఎముకల దగ్గర బయటపడుతుంది.

పచ్చి సోయా గింజలు మర పట్టించి కలపొద్దు, వాటిలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది, వేడి తగిలితేనే పోతుంది. పత్తి చెక్క చవకే కానీ గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, నేనైతే వందకు 10 కిలోలు దాటించను.

అన్నిటికన్నా భయపడాల్సింది పల్లి చెక్కలో బూజుకు. కొనేటప్పుడు ఒక ముక్క విరిచి లోపల చూడండి, పచ్చగానో నల్లగానో నూగు కనిపించినా, ముక్కిపోయిన వాసన వచ్చినా ఆ బస్తా వద్దు. ఎండలో వేస్తే పైన బూజు రాలిపోతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం మాత్రం ఉడికించినా పోదు, చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది, అందుకే వానాకాలంలో నెలల సరుకు నిల్వ పెట్టకండి, ఉన్న బస్తాలు కర్ర బల్లల మీద, గోడకు ఎడంగా పెట్టండి.

పాత మేత నుంచి ఒక్కరోజులో మారకండి. మొదట నాలుగో వంతు, రెండు మూడు రోజులకు సగం, అట్ల పది రోజుల్లో పూర్తిగా. రంధ్రాలు పెట్టిన సంచుల్లో మేత నింపి కర్రలకు కట్టి, రెండు గంటల తర్వాత ఎంత మిగిలిందో చూసి మర్నాటి మేత తగ్గించండి. మబ్బు పట్టి పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ పూట మేతే వద్దు. పదిహేను రోజులకోసారి విసురు వల వేసి కొన్నింటిని తూచండి, బరువు పెరగకపోతే ముందు మేత మిగులుతుందేమో చూసి, ఆ తర్వాతే సోయా పెంచండి.