లైసెన్స్ పరీక్ష తయారుచేయడం ఎలా? ముందు పనిని విశ్లేషించండి

లైసెన్స్ పరీక్ష తయారుచేయమనగానే చాలామంది పాఠ్యపుస్తకం విషయసూచిక తెరిచి, అధ్యాయానికి ఇన్ని మార్కులని పంచేస్తారు. పరీక్ష అక్కడే దారి తప్పుతుంది. ఈ మనిషి రేపు పనిలో దిగితే జనానికి ప్రమాదం లేదని చెప్పడమే లైసెన్స్ పని. ఆ మాట చెప్పాలంటే ఆ పనిలో నిజంగా ఏమేం చేస్తారో ముందు తేలాలి. అమెరికాలో నర్సులుగా చేరడానికి మనవాళ్లూ రాసే ఎన్‌క్లెక్స్‌కు ఆధారం ఇలాంటి విశ్లేషణే. కొత్తగా లైసెన్స్ వచ్చిన నర్సులను సర్వే చేసి, దాదాపు మూడేళ్లకోసారి ఆ లెక్క సరిచూస్తారు. వ్యక్తులకు సర్టిఫికెట్లిచ్చే సంస్థల కోసం ఉన్న ఐఎస్ఓ/ఐఈసీ 17024 ప్రమాణం కూడా పని విశ్లేషణ చేయాలంటుంది.

ఇళ్ల వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌కు పరీక్ష పెట్టాలనుకుందాం. మొదట హద్దు గీయండి: "ఇంకొకరి పర్యవేక్షణ లేకుండా ఇంటి వైరింగ్ చేయబోయే కొత్త ఎలక్ట్రీషియన్" అని ఒక్క వాక్యం. 20 ఏళ్ల మేస్త్రీకి తెలిసినదంతా ఈ పరీక్షలోకి రాకూడదు.

తర్వాత 8 నుంచి 12 మందితో కమిటీ. పల్లెలో చేసేవాళ్లు, పట్నంలో అపార్ట్‌మెంట్లు చేసేవాళ్లు, తనిఖీ అధికారి ఒకరు, బోధించేవారు ఒకరిద్దరికి మించకుండా ఉండాలి. రెండుమూడేళ్ల అనుభవమే ఉన్నవారు కనీసం ముగ్గురు తప్పనిసరి. అంతా సీనియర్లే అయితే తాము ఇప్పుడు చేసే కష్టమైన పనులను కొత్తవాళ్ల నెత్తిన పెడతారు.

కమిటీ రాయాల్సింది పనుల జాబితా. 80 నుంచి 120 వాక్యాలు సరిపోతాయి. "ఎర్తింగ్ తెలిసి ఉండటం" అనేది పని కాదు. "వైరింగ్ పూర్తయ్యాక ఎర్త్ టెస్టర్‌తో ఎర్త్ నిరోధం కొలిచి, రీడింగ్ నమోదు చేయడం" అంటే పని: ఏం చేస్తాడో, దేంతో చేస్తాడో, చివరికి ఏం మిగులుతుందో కనిపిస్తుంది. ఒక వాక్యంలో రెండు పనులు కలపొద్దు. "వైర్లు లాగడం, ఇన్సులేషన్ పరీక్షించడం" అని రాస్తే, మొదటిది రోజూ చేసి రెండోది ఎప్పుడూ చేయని మనిషి ఏ అంకె వేయాలి? ప్రతి పనికీ ఎదురుగా దానికి కావలసిన పరిజ్ఞానం రాసుకోండి.

ఇక సర్వే. పనిలో ఉన్నవాళ్లనే అడగండి, వాళ్ల భాషలో, ఫోన్‌లో అరగంటలోపు అయ్యేలా. ముందు పదిమందితో చేయించి చూస్తే అర్థంకాని వాక్యాలు బయటపడతాయి. ప్రతి పనికీ రెండు అంకెలు చాలు: ఎంత తరచుగా చేస్తారు, తప్పు జరిగితే ఎంత హాని. రెండూ 1 నుంచి 5 వరకు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది లెక్కలోనే. ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చడానికి తరచుదనం 4, హాని 2 వచ్చాయనుకోండి. షాక్ తగిలిన మనిషిని కాపాడటానికి తరచుదనం 1, హాని 5. రెండంకెలనూ గుణిస్తే రెగ్యులేటర్‌కు 8, ప్రాణానికి 5! హానిని రెట్టింపు చేసి తరచుదనాన్ని కలిపితే రెగ్యులేటర్‌కు 8, ప్రాణానికి 11. లైసెన్స్ పరీక్షకు ఈ రెండో పద్ధతే న్యాయం. సగటును ఒక్కటే నమ్మొద్దు. పల్లెల్లో 4.5, పట్నంలో 1.5 వచ్చిన పనికి సగటు 3 అని రాస్తే అది ఎవరి పనీ కాదు. అలాంటివి, అరుదైనా ప్రమాదకరమైనవి, కమిటీ చూశాకే ఉంచడమో తీసేయడమో తేల్చాలి.

మిగిలిన పనులకు ఇలా లెక్కగట్టిన పాయింట్లను విభాగాలవారీగా కూడితే వెయిటేజీ వస్తుంది. మొత్తం 1000 పాయింట్లలో ఎర్తింగ్, రక్షణ విభాగానికి 250 వస్తే 100 ప్రశ్నల్లో 25 దానివే. ఒక చిక్కుంది: ఒక విభాగాన్ని చిన్నచిన్న పనులుగా ముక్కలు చేస్తే దాని మొత్తం ఊరికే పెరుగుతుంది. అందుకే కమిటీలో ప్రతి ఒక్కరితో విడిగా శాతాలు వేయించి, సర్వే అంకెలతో పోల్చండి. తేడా పెద్దగా ఉన్నచోట కారణం వెతికి, తుది నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఉంచండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే నిలబడేది ఆ కాగితమే. 2023 ఎన్‌క్లెక్స్‌-ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సుల పరీక్ష) ప్రణాళికలో మందులు, సెలైన్ వంటి చికిత్సల విభాగానికి 13 నుంచి 19 శాతం అని పరిధి ఇచ్చారు. మీరూ అలా ఇవ్వొచ్చు.

మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే పరికరం) వాడటం లాంటివి కాగితం మీద తేలవు. వాటికి ప్రాక్టికల్ పెట్టండి. రాత ప్రశ్న ప్రతిదాని పక్కనా పని నంబరు ఉండాలి, నంబరు దొరకని ప్రశ్న ఎంత బాగున్నా పక్కన పెట్టాలి. ఐదేళ్లకోసారి అంతా మళ్లీ చేయండి. నిబంధన మారినా, ఇంటిపై సోలార్ ప్యానెళ్లలాంటి కొత్త పనులు వచ్చినా అంతవరకు ఆగొద్దు. జాబితా నుంచి ఒక పని తీసేసిన రోజే దాని నంబరున్న ప్రశ్నలన్నీ ప్రశ్నల నిధి నుంచి తొలగించండి.